డ్రైవర్ అనే మాట కారుతోనే పుట్టిందా?

లేదు. కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు పొందింది 1886లో. ‘డ్రైవ్’ అనే క్రియ అంతకు వెయ్యేళ్ల ముందే ప్రాచీన ఆంగ్లంలో ‘ద్రీఫాన్’ రూపంలో ఉంది. దాని అర్థం వెనుక నుంచి నెట్టడం, తరమడం, పశువులను తోలడం. జర్మన్‌లోని ‘ట్రైబెన్’ దీనికి దాయాది మాట. తోలుకుపోయే మందను ఇంగ్లీషులో ఇప్పటికీ ‘డ్రోవ్’ అంటారు. అదీ ఈ కుదురుదే. గాలి తోసుకొచ్చి పోగుచేసిన మంచుకుప్పను ‘డ్రిఫ్ట్’ అనడం కూడా ఇందులోంచే వచ్చింది.

మందను తోలేవాడు మొదట డ్రైవర్ అయ్యాడు. ఆ తర్వాత బండికి కట్టిన గుర్రాన్ని తోలేవాడికి ఆ పేరు వచ్చింది. గుర్రం పోయి ఇంజను వచ్చినా పేరు మాత్రం నిలిచిపోయింది.

ఇది మనకు కొత్తగా అనిపించకూడదు. మా పాలమూరులో గొర్రెలను తోలుతారు, ఎడ్ల బండిని తోలుతారు. మా తాతయ్య ట్రాక్టరునూ ‘తోలడం’ అనే అనేవారు. ఆయనది మోటు మాట అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి, అది నా పొరపాటు. ఇంగ్లీషు మాట నడిచిన దారీ సరిగ్గా అదే. జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి దాటుతున్న మంద కోసం లారీ ఆగినప్పుడు, ఆ మాటకు మొదటి హక్కుదారు కర్ర పట్టుకున్న కాపరే.