రౌటర్‌కు ఎక్కించాలా, రౌటర్‌లో స్థాపించాలా?

సందేహం: మా ఇంటి వైఫై రౌటర్‌కు తయారీదారు కొత్త వెర్షన్లు ఇవ్వడం మానేశాడు. అందులోని ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే మరో ఫర్మ్‌వేర్ పెట్టుకున్నాను. దీని గురించి తెలుగులో రాస్తూ ‘స్థాపించాను’ అనాలో ‘ఎక్కించాను’ అనాలో తేల్చుకోలేకపోయాను. మిత్రుడొకరు ‘ఇన్‌స్టాల్ చేయబడినది’ అని దిద్దారు. ఏది ఒప్పు? ఈ పనిలో రౌటర్ పనిచేయడం మానేస్తే ‘ఇటుకైపోయింది’ అనవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: ముందు మీ మిత్రుడి దిద్దుబాటును కొట్టేయండి. పని చేసింది మీరు. ‘చేశాను’ అనడానికి బెరుకెందుకు? ‘చేయబడినది’, ‘చేయడం జరిగినది’ ఆఫీసు కాగితాల నుంచి ఇళ్లలోకి పాకి కర్తను మాయం చేస్తున్నాయి.

నా మొగ్గు ‘ఎక్కించు’ వైపే. రోగికి రక్తం ఎక్కిస్తాం. సూదికి దారం, మగ్గానికి పడుగు, బట్టకు రంగు, ఖాతాకు పద్దు ఎక్కిస్తాం. దారం ఎక్కని సూది కుట్టదు, పడుగెక్కని మగ్గం నేయదు. బయటి నుంచి వచ్చి చేరి, చేరినదాన్ని పనిలోకి దింపడం ఈ క్రియ స్వభావం. సుమతీ శతకకారుడు “మోహరమునఁ దా నెక్కినఁ బాఱని గుఱ్ఱము” అన్నచోట ఎక్కడమంటే వీపు మీద కూర్చోవడమే కాదు, కళ్లెం పట్టి తన దారిన నడిపించుకోవడం. యుద్ధం నడుమ ఎక్కినవాడి మాట వినకపోవడమే ఆ గుర్రం తప్పు. ఆ అధికారభావం ఉన్నందుకే మీ పనికి ఈ మాట నప్పుతుంది. లింక్‌సిస్ కంపెనీ వారు డబ్ల్యుఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడారు. లినక్స్‌ను పంచేవారు దాని కోడ్ కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్సు షరతు వల్ల 2003లో సోర్స్ కోడ్ బయటపెట్టవలసి వచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ మొదలైంది. పేరులోని డబ్ల్యుఆర్‌టీ ఆ రౌటర్ పేరులోదే. కొన్నవాడి చేతికి కళ్లెం అలా వచ్చింది.

‘స్థాపించు’ తప్పని అనను. ‘స్థా’ ధాతువుకు ప్రేరణరూపం, నిలబెట్టడమని అర్థం. బడికీ సంఘానికీ విగ్రహానికీ అందంగా ఉంటుంది. ఫర్మ్‌వేర్ ఉండేది చెరిపి మళ్లీ మళ్లీ రాయగల ఫ్లాష్ మెమరీలో. దానికి ఈ మాట బరువెక్కువ.

అప్‌లోడ్‌కు కూడా ‘ఎక్కింపు’ అంటున్నారు కదా అని మీరు అడగవచ్చు. తెలుగు వికీపీడియాలో ఆ వాడుక ఉంది. రౌటర్ పేజీలో ఫైలు ఎంచి పంపడం ఒక పని, రౌటర్ దాన్ని ఫ్లాష్‌లో రాసుకోవడం మరొక పని. తికమక అవుతుందనుకుంటే మొదటిదానికి ‘పంపాను’, రెండోదానికి ‘ఎక్కించాను’ అనండి. తయారీదారు ఫర్మ్‌వేర్ ఉన్నప్పుడు తొలిసారి వాడే ‘ఫ్యాక్టరీ’ ఫైలు వేరు, తర్వాత వాడే ‘సిస్‌అప్‌గ్రేడ్’ ఫైలు వేరు కనుక, రెండో సందర్భంలో ‘కొత్త వెర్షన్‌కు మార్చాను’ అన్నా చాలు.

ఇక ఇటుక సంగతి. ‘చచ్చుబడింది’ అన్న మాట మనకు ఉండగా ఇంగ్లీషు ‘బ్రిక్’ నుంచి వచ్చిన ఇటుకను మోయడం నాకు నచ్చదు. రౌటర్‌ను మొదట లేపే చిన్న ప్రోగ్రామైన బూట్‌లోడర్ చెడకపోతే, నెట్‌వర్క్ ద్వారా ఫైలు పంపే టీఎఫ్‌టీపీ పద్ధతితో చాలా రౌటర్లను మళ్లీ లేపవచ్చు. అందుకే ‘చచ్చిపోయింది’ కన్నా ‘చచ్చుబడింది’ నిజానికి దగ్గర.