మెరాపీకి వెళుతున్న శ్రావణికి

మైలాపూర్, చెన్నై

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

ఇండోనేషియాలో, జావా దీవిలోని జోగ్యకర్తాలో మెరాపీ అగ్నిపర్వతం పరిశీలన పనికి నువ్వు ఎంపికయ్యావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషించాను తల్లీ. ఆ వెంటనే గుండె ఝల్లుమంది కూడా. మీ అమ్మకు లావా అంటే భయం. నా భయం వేరు. కొండ సద్దుమణిగిన రోజంటేనే నాకు భయం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. లాగ్‌బుక్‌లో టైమ్ యూటీసీలోనే, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోనే రాయి. జావా టైమ్ దానికి 7 గంటలు ముందుంటుంది, మనది 5:30 గంటలు. ఇవి కలగాపులగమైతే ఒక్క పేలుడే మూడు చోట్ల తేలుతుంది. నేల వంపును కొలిచే టిల్ట్‌మీటర్ రీడింగ్ పక్కనే ఉష్ణోగ్రత కూడా రాసుకో, ఎండ పొద్దెక్కే కొద్దీ నేల వంగినట్టే చూపిస్తుంది. లెన్స్ మీద పడిన బూడిదను గుడ్డతో తుడవకు. అది సన్నటి గాజు పొడే, గీతలు పడతాయి. బ్లోయర్‌తో ఊదెయ్యి. కాంటాక్ట్ లెన్సులు, పాండీ బజార్‌లో కొన్న సింథటిక్ ప్యాంట్లు ఇంట్లోనే వదిలెయ్యి. వేడి తగిలితే ఆ గుడ్డ కరిగి ఒంటికి అంటుకుంటుంది.

కొండ వదిలే సల్ఫర్ డయాక్సైడ్ లెక్క దగ్గర కాస్త ఆగు. పొగ గుండా వచ్చే వెలుగును బట్టి వాయువును కొలిచే డోయాస్ పరికరం చూపించేది పొగలో ఎంత వాయువుందో అంతే. రోజుకు ఎన్ని టన్నులు అని లెక్క కట్టాలంటే పొగ ఉన్న ఎత్తులో గాలి వేగం కావాలి. రోడ్డు మీద కొలిచిన వేగం వేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. అసలు గాలి దాని కన్నా రెట్టింపు ఉంటే టన్నులు సగమే కనిపిస్తాయి, "తగ్గింది" అని రాసేస్తావు.

ఆ మాటే కొలంబియాలో ప్రాణాలు తీసింది. అక్కడి గలెరాస్ అగ్నిపర్వతంలో 1992 జూలైలో ఒక పేలుడు జరిగింది. దానికి ముందు సీస్మోగ్రాఫ్ మీద పొడవుగా సాగి, మెల్లగా సన్నబడే స్క్రూ ఆకారపు సంకేతాలు వచ్చాయి. టోర్నిల్లోలంటారు వాటిని. 1993 జనవరిలో మళ్లీ అవే కనిపించాయి, కానీ కొద్దిగానే. వాయువు తక్కువగా ఉంది, కొండ నిమ్మళంగా ఉంది. జనవరి 14న దాని పక్కనున్న పాస్తో ఊళ్లో సదస్సుకు వచ్చిన శాస్త్రవేత్తలు నమూనాల కోసం బిలంలోకి దిగారు. మధ్యాహ్నం అది పేలింది. ఆరుగురు శాస్త్రవేత్తలు, ముగ్గురు సందర్శకులు చనిపోయారు. చాలామంది తలపై హెల్మెట్ లేదు. వాయువు తగ్గడానికి రెండు కారణాలుండొచ్చు: కింద మాగ్మా చల్లబడటం, లేదా దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పేరుకోవడం. బయట నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే "తగ్గింది" అని రాసిన ప్రతిసారీ పక్కనే ఎందుకో రాయి: గాలి మారిందా, వాన నీరు పీల్చుకుందా, దారి మూసుకుందా? వెలుగుతో దూరం కొలిచే ఈడీఎం పరికరంలో కొండ మీది రిఫ్లెక్టర్ దూరం కుంచించుకుంటూ, అంటే కొండ ఉబ్బుతూ, వాయువు తగ్గుతుంటే, ఆ రోజు ఎవరినీ పైకి పంపకూడదని నువ్వే గట్టిగా చెప్పాలి. ఎంత చిన్న ఉద్యోగివైనా సరే.

మీ అమ్మ పంపిన ట్రైనింగ్ ఫోటోలో హెల్మెట్ చేత్తో పట్టుకుని నవ్వుతున్నావు. చూడగానే కోపం వచ్చింది. నువ్వు ఎంత ముచ్చటగా ఉన్నావో ఆ కోపం తగ్గాకే చూశాను. ఇకమీదట అది తలమీదే ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించి. రాళ్లు ఎగిరినప్పుడు వీపు తిప్పి పరుగెత్తకు. తలెత్తి చూసి, మీదికొచ్చే రాయి నుంచి పక్కకు తప్పుకో.

మెరాపీలో అసలు ముప్పు బిలంలో గడ్డకట్టిన లావా దిబ్బ (డోమ్) కూలి లోయలవెంట దూసుకొచ్చే మంటమేఘాలది, అంటే మరిగే వాయువు, బూడిద, రాళ్ల ప్రవాహాలది. 2010లో అక్టోబర్ 26న పేలుళ్లు మొదలయ్యాక నవంబర్ 5 నాటికి ఖాళీ చేయించే హద్దును 10 కిలోమీటర్ల నుంచి 15కి, తర్వాత 20కి పెంచారు. 350 మందికి పైగా పోయారు, కానీ ఆ నిర్ణయాలు వేల ప్రాణాలు కాపాడాయి. అందుకే గెండోల్ లాంటి నదీగర్భాల్లో జీపు ఆపొద్దు. పైన వాన పడుతుంటే అసలే వద్దు, బురదవరద వస్తుంది.

గ్యాస్ మాస్కుకు యాసిడ్ గ్యాస్ కార్ట్రిడ్జ్ కొను, బూడిదకు ఎన్‌95 విడిగా ఉంచుకో. కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం ఏ ఫిల్టరూ ఆపదు. జావాలోనే డియెంగ్ అనే అగ్నిపర్వత పీఠభూమిలో 1979లో అది పల్లపు దారుల్లోకి చేరి 140 మందికి పైగా ప్రాణం తీసింది. గాలి ఆడని గుంటల్లోకి మీటర్ లేకుండా దిగకు. కార్ట్రిడ్జ్ కొనే ముందు దాని మీది అక్షరాలు, రంగు పట్టీ ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను.

— పెదనాన్న