క్విజులో మార్కులు వస్తున్నా కాగితం మీద లెక్క ఎందుకు రాదు: భాగస్వామ్య, కంపెనీ ఖాతాల ఆన్‌లైన్ కోర్సు చేసిన అనుభవంతో ఒక జవాబు

నాగర్‌కర్నూల్ నుంచి అడిగిన మిత్రుడి ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. ఆయన బీకాం రెండో సంవత్సరం చదువుతూ, ఒక అమెరికా విశ్వవిద్యాలయం వారి ఆన్‌లైన్ కోర్సులో భాగస్వామ్య సంస్థల ఖాతాలు, కంపెనీ ఖాతాలు నేర్చుకుంటున్నారు. ప్రతివారం క్విజులో మంచి మార్కులే వస్తున్నాయి గానీ, కళాశాల పుస్తకంలోని లెక్కను కాగితం మీద మొదలుపెట్టేసరికి చేయి ఆడటం లేదు. గుడ్‌విల్ (సంస్థ మంచిపేరుకు కట్టే విలువ) సర్దుబాటు దగ్గర, షేర్ల జప్తు (డబ్బు పూర్తిగా కట్టనివాళ్ల షేర్లను కంపెనీ వెనక్కి తీసేసుకోవడం) దగ్గర ప్రతిసారీ ఆగిపోతున్నారు. కోర్సును మధ్యలో మానేయాలా అన్నది ఆయన సందేహం.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఇంటర్ సీఈసీ తెలుగు మాధ్యమంలో చదివాను. ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేస్తూ, మిల్లు నుంచి వచ్చాక రాత్రిపూట సెల్‌ఫోన్‌లో ఇలాంటి కోర్సే ఒకటి పూర్తిచేశాను. అందువల్ల మీ ఇబ్బంది నాకు కొత్త కాదు. కోర్సు మానవద్దు. అయితే దాన్ని ఇప్పుడు చూస్తున్న వరుసలో, చూస్తున్న పద్ధతిలో చూడవద్దు.

క్విజు మార్కుల సంగతి ముందు తేల్చుకుందాం. క్విజులో చిట్టా పద్దు నాలుగు రూపాల్లో మీ ముందే ఉంటుంది, వాటిలో తప్పులు ఎక్కడున్నాయో కనిపెడితే సరిపోతుంది. పరీక్షలో కాగితం ఖాళీగా ఉంటుంది, ఏ ఖాతా ముందు తెరవాలో మీరే తేల్చుకోవాలి. వీడియోలో అధ్యాపకుడు ఆ తేల్చుకోవడాన్ని మన తరఫున తానే చేసేస్తాడు, మనకు అర్థమైందన్న తృప్తి మాత్రం మిగులుతుంది. నేను మొదటి మూడు వారాలు ఆ తృప్తితోనే గడిపాను. అది ఎక్కడ బయటపడిందో చెబుతాను.

అప్పట్లో మా మిల్లులో సంవత్సరాంతపు ఖాతాలు సిద్ధం చేసే పని కొంత నాకు అప్పగించారు. వీడియోలోని ప్రతి ఉదాహరణలోనూ మూలధనంపై వడ్డీ వేయడం చూసి ఉన్నాను కాబట్టి, ముగ్గురు భాగస్తుల మూలధనాలపై 12 శాతం వడ్డీ లెక్కగట్టి, అందంగా గీతలు గీసి, ఆడిటర్ గారి ముందు పెట్టాను. ఆయన ఆ అంకె చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, "ఈ పన్నెండు ఏ కాగితంలో ఉంది బాబూ?" అని అడిగారు. ఒప్పంద పత్రం తీసి చూస్తే మూలధనంపై వడ్డీ గురించి అందులో ఒక్క మాటైనా లేదు. ఒప్పందంలో లేకపోతే మూలధనంపై వడ్డీ ఉండదు, భాగస్తుడికి జీతం ఉండదు, లాభనష్టాలు సమానంగా పంచుకోవాలి అన్నది 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్‌లోని మాట. భాగస్తుడు తన మూలధనానికి పైగా సంస్థకు ఇచ్చిన అప్పుకు మాత్రం ఒప్పందం లేకపోయినా 6 శాతం వడ్డీ ఇవ్వాలి. యాసంగి వడ్లు కొనడానికి ఒక భాగస్తుడు అదనంగా 5,00,000 రూపాయలు ఆరు నెలల పాటు సర్దాడనుకుంటే అతనికి 15,000 రూపాయల వడ్డీ వస్తుంది. ఇది అప్పుపై వడ్డీ కాబట్టి లాభనష్టాల ఖాతాలోనే ఖర్చుగా రాయాలి, ఆ ఏడాది నష్టం వచ్చినా ఇవ్వక తప్పదు. మూలధనంపై వడ్డీ ఒప్పందంలో ఉన్నా సరే, మామూలుగా లాభం ఉన్నప్పుడే, అదీ లాభాన్ని భాగస్తులకు పంచి చూపే లాభనష్టాల వినియోగ ఖాతాలోనే చూపాలి. మీ పుస్తకంలో సగం లెక్కల చిక్కు ఈ ఒక్క తేడాలోనే ఉంది. అందుకే లెక్క చదివిన వెంటనే అంకెల జోలికి పోకుండా, ఒప్పందం ఏమంటోందో, ఏ విషయం చెప్పకుండా వదిలేసిందో నోటుపుస్తకం అంచున రెండు ముక్కల్లో రాసుకోండి.

ఇక గుడ్‌విల్. మీరు ఆగిపోవడానికి కారణం సూత్రం మరచిపోవడం కాదని నా అనుమానం. ఆ డబ్బు ఎవరు ఎవరికి, దేనికి ఇస్తున్నారో అడగకుండా నిష్పత్తుల వెంట పడుతున్నారు. ఇద్దరు భాగస్తులు 3:2 చొప్పున లాభం పంచుకుంటున్నారనుకోండి. మూడో వ్యక్తికి 1/5 వాటా ఇచ్చి చేర్చుకున్నారు, అతను గుడ్‌విల్ కింద 50,000 రూపాయలు నగదు తెచ్చాడు. కొత్త నిష్పత్తి 12:8:5 అవుతుంది. చాలామంది ఆ 50,000 కూడా కొత్త నిష్పత్తిలో పంచబోతారు, నేనూ పంచాను. కానీ ఆ డబ్బు పాత వాళ్లిద్దరూ తమ లాభంలోంచి వదులుకున్న భాగానికి పరిహారం. మొదటివాడు 3/5 నుంచి 12/25కు దిగాడు, అంటే 3/25 వదులుకున్నాడు. రెండోవాడు 2/25 వదులుకున్నాడు. కాబట్టి 30,000, 20,000 చొప్పున వాళ్లిద్దరికే చెందుతుంది. అదే 1/5 వాటా మొత్తం రెండోవాడే తన దాంట్లోంచి ఇచ్చాడంటే 50,000 రూపాయలూ అతనివే, మొదటివాడికి పైసా రాదు. త్యాగ నిష్పత్తి అన్న పేరు ఊరికే పెట్టలేదు.

విరమణ లెక్క, అంటే ఒక భాగస్తుడు తప్పుకున్నప్పటి లెక్క, దీనికి తిరగేసిన బొమ్మ. దీన్ని నేను వీడియోలో కంటే మిల్లులోనే బాగా నేర్చుకున్నాను. 2:2:1 చొప్పున లాభం పంచుకునే ముగ్గురిలో పెద్దాయన తప్పుకున్నారు. అంకెలు మార్చి చెబుతున్నాను. ఎప్పుడో కొన్న మిల్లు స్థలం పుస్తకాల్లో పాత ధరకే ఉంది, దాన్ని 10,00,000 రూపాయలు పెంచారు. బియ్యంలో రంగుమారిన గింజలు వేరుచేసే సార్టెక్స్ యంత్రం విలువ 3,00,000 తగ్గించారు. వసూలు కాదని తేలిన ఒక వ్యాపారి బాకీ 2,00,000 కొట్టేశారు. పునర్మూల్యాంకన ఖాతాలో తేలిన నికర లాభం 5,00,000 రూపాయలు పాత నిష్పత్తిలోనే ముగ్గురికీ పంచాం, పెద్దాయనకు 2,00,000 వచ్చింది. గుడ్‌విల్‌ను 6,00,000గా కట్టారు, అందులో ఆయన వాటా 2,40,000. దాన్ని ఉన్నవాళ్లిద్దరి మూలధన ఖాతాల నుంచి లబ్ధి నిష్పత్తి (వాళ్ల వాటాలు పెరిగిన నిష్పత్తి) 2:1 ప్రకారం 1,60,000, 80,000 డెబిట్ చేసి ఆయన ఖాతాకు క్రెడిట్ చేశాం. మనమే లెక్కగట్టుకున్న గుడ్‌విల్‌ను ఆస్తిగా పుస్తకాల్లో నిలబెట్టకూడదు కాబట్టి గుడ్‌విల్ ఖాతా తెరవలేదు. చివరకు ఆయన మనవరాలి పెళ్లికి తీసుకెళ్లిన 10 బస్తాల బియ్యం దగ్గర కాసేపు వాదన నడిచింది. అవి సొంతవాడకాల కిందికే వస్తాయని ఆయనే ఒప్పుకొని సంతకం పెట్టారు. తూకం చీటీ ఉండబట్టి సరిపోయింది.

ఈ ఒక్క విరమణకు మేము మిల్లులో ఉన్న ప్రతి వస్తువునూ మళ్లీ విలువ కట్టవలసి వచ్చింది. ఇప్పుడు దీని పక్కన కంపెనీని పెట్టి చూడండి. మా పక్కింటి కుర్రవాడు పొద్దున ఫోన్‌లో ఏదో కంపెనీ షేర్లు కొని, మధ్యాహ్నానికి అమ్మేస్తాడు. ఆ కంపెనీ మూలధన ఖాతాలో దానివల్ల ఒక్క పద్దు పడదు, ఒక్క యంత్రానికీ కొత్త విలువ కట్టరు. భాగస్వామ్యంలో మనిషి మారితే లెక్క తేల్చక తప్పదు. కంపెనీలో మనుషులు మారుతూనే ఉంటారు, వాటా మూలధనం అలాగే ఉంటుంది. అందుకే అక్కడ ఒక్కో భాగస్తుడికి ఒక్కో మూలధన ఖాతా ఉంటే, ఇక్కడ అందరికీ కలిపి ఒకే వాటా మూలధన ఖాతా ఉంటుంది. కంపెనీకీ వాటాదారుకూ మధ్య నేరుగా డబ్బు నడిచినప్పుడు, అంటే షేర్లు జారీ చేసినప్పుడు, పిలుపు డబ్బు (షేరు ధరలో కంపెనీ తర్వాత వాయిదాగా అడిగే భాగం) రానప్పుడు, డివిడెండు ప్రకటించినప్పుడు, షేర్లను కంపెనీయే తిరిగి కొన్నప్పుడు పద్దులు పుడతాయి. కంపెనీ ఖాతాల తొలి అధ్యాయాలు చాలావరకు ఈ సందర్భాలే. కోర్సులో ఈ మాట నాకు ఎవరూ విప్పి చెప్పలేదు. రెండు భాగాలూ వరుసగా వచ్చేసరికి రెండింటినీ ఒకే రకం లెక్కలనుకుని చాలా రోజులు వృథా చేసుకున్నాను.

జప్తు లెక్కను ఈ దృష్టితో చేయండి. 10 రూపాయల షేర్లు 100 తీసుకున్న ఒకాయన దరఖాస్తుతో 3, కేటాయింపుపై 2 రూపాయల చొప్పున కట్టి, మొదటి పిలుపు 2, చివరి పిలుపు 3 రూపాయలు కట్టలేదు. జప్తు చేస్తే వాటా మూలధనం 1,000 డెబిట్. మొదటి పిలుపు 200, చివరి పిలుపు 300, వాటాల జప్తు ఖాతా 500 క్రెడిట్. ఇంతవరకు అందరూ రాస్తారు. వాటిలో 60 షేర్లనే 7 రూపాయల చొప్పున పూర్తిగా చెల్లించినవిగా తిరిగి జారీ చేశారనుకోండి. బ్యాంకు 420, వాటాల జప్తు ఖాతా 180 డెబిట్, వాటా మూలధనం 600 క్రెడిట్. ఇప్పుడు మూలధన రిజర్వుకు ఎంత వెళ్లాలి? నేను 500 నుంచి 180 తీసేసి 320 రాసి ఆ ప్రశ్నకు మార్కులు పోగొట్టుకున్నాను. తిరిగి జారీ అయినవి 60 షేర్లే కాబట్టి వాటికి సంబంధించిన జప్తు సొమ్ము 300, అందులో తగ్గింపు 180 పోగా 120 మాత్రమే రిజర్వుకు వెళుతుంది. మిగిలిన 40 షేర్ల తాలూకు 200 జప్తు ఖాతాలోనే ఉంటుంది, ఎందుకంటే ఆ షేర్లను ఇంకా ఎవరూ కొనలేదు. కంపెనీల చట్టం 2013 ప్రకారం షేర్లను ముఖవిలువ కంటే తక్కువకు జారీ చేయరాదు కదా, మరి 7 రూపాయలకు ఎలా ఇచ్చారని మీకు సందేహం రావాలి. ఇది కొత్త జారీ కాదు. పాతవాడు ఇదివరకే 5 రూపాయలు కట్టి పోయాడు కాబట్టి ఆ 5 రూపాయల మేరకు తగ్గించుకోవచ్చు, అంతకు మించి కుదరదు.

ఈ జప్తు అధ్యాయం మీ అమెరికా కోర్సులో దాదాపు కనిపించదు. అక్కడ వాయిదాల్లో పిలుపులు పిలిచే పద్ధతికి పాఠాల్లో చోటు తక్కువ. మనకు అక్కరలేనివి కొన్ని మాత్రం వివరంగా ఉంటాయి. అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది భాష. మనకు స్టాక్ అంటే గోదాములోని సరుకు, వాళ్లకు స్టాక్ అంటే షేరు, సరుకును ఇన్వెంటరీ అంటారు. పైగా వడ్ల మద్దతు ధరలో 'కామన్', 'గ్రేడ్ ఏ' అని రెండు రకాలు ఉంటాయి కాబట్టి, పాఠంలో 'కామన్ స్టాక్' (సాధారణ షేర్లు) అని వినగానే మా మిల్లులోని మామూలు రకం వడ్ల నిల్వ నా కళ్లముందు మెదిలింది. నవ్వుకోవచ్చు గానీ, ఆ వారమంతా నేను ఆ లెక్కలను సరుకు లెక్కలుగానే చదివాను. వాళ్ల 'ట్రెజరీ స్టాక్' అంటే కంపెనీ తన షేర్లనే తిరిగి కొని అట్టే పెట్టుకోవడం. మన కంపెనీల చట్టం 68వ సెక్షన్ ప్రకారం తిరిగి కొన్న షేర్లను, కొనుగోలు ముగిసిన ఏడు రోజుల్లోగా రద్దు చేయాలి, దాచుకుని మళ్లీ అమ్ముకోవడం ఉండదు. డివిడెండును అక్కడ డైరెక్టర్ల బోర్డే ప్రకటిస్తుంది. ఇక్కడ తుది డివిడెండును బోర్డు సిఫారసు చేస్తే వాటాదారుల సర్వసభ్య సమావేశం ప్రకటించాలి. ఆస్తి అప్పుల పట్టీలో వాళ్లు నగదుతో మొదలుపెడతారు. మన కంపెనీల చట్టంలోని షెడ్యూల్ 3 నమూనాలో పైన వాటాదారుల నిధులు, అప్పులు, కింద ఆస్తులు, అందులోనూ స్థిరాస్తుల వంటివి ముందు వస్తాయి. అందుచేత నోటుపుస్తకం చివరి పేజీల్లో మూడు గడులు గీసి, ఒక్కో మాటకు ఇంటర్‌లో చదివిన తెలుగు పేరు, మన కళాశాల పుస్తకంలోని పేరు, కోర్సులోని పేరు పక్కపక్కన రాసుకోండి. లెడ్జర్‌ను ఆవర్జా అని, ట్రయల్ బ్యాలెన్స్‌ను అంకణా అని చదువుకొని వచ్చినవాళ్లకు ఇది మరీ అవసరం.

చదివే పద్ధతి సంగతి రెండు మాటల్లో చెబుతాను. అధ్యాపకుడు లెక్క చదవగానే వీడియో ఆపేయండి, పొడవాటి తెల్లకాగితం అడ్డంగా పెట్టుకొని మూలధన ఖాతాలకు ముగ్గురు భాగస్తుల గడులూ గీసి మీరే చేయండి, తప్పయినా చివరిదాకా చేయండి, ఆ తర్వాతే మిగతా వీడియో చూడండి. సెల్‌ఫోన్ తెర మీద మూడు గడుల ఖాతా పట్టదు, లాప్‌టాప్ లేదని బాధపడనవసరం లేదు గానీ కాగితం లేకుండా కుదరదు. నాకు ఒక్కో విరమణ లెక్కకు మొదట్లో గంటన్నర పట్టేది.

మీ పరీక్షలు దగ్గరపడుతున్నాయన్నారు కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. ప్రవేశం, విరమణ లెక్కలు కళాశాల పుస్తకంలోవి చెరి నాలుగైదు చేతితో పూర్తయ్యేదాకా కోర్సులో కంపెనీ వారాలు తెరవవద్దు. భాగస్వామ్య సంస్థ రద్దు అధ్యాయంలో ముందు బయటి అప్పులు, తర్వాత భాగస్తుల అప్పులు, ఆ తర్వాత మూలధనాలు అన్న చెల్లింపు వరుస పట్టుబడితే చాలు. దివాలా తీసిన భాగస్తుడి లోటును మిగతావాళ్లు మూలధనాల నిష్పత్తిలో భరించే గార్నర్, ముర్రే తీర్పు లెక్కలు చివర చూసుకోవచ్చు. తర్వాత జారీ, జప్తు పుస్తకంలోంచి చేసి, కోర్సులో షేర్ల జారీ, డివిడెండు పాఠాలు మాత్రం వినండి, అవి నిజంగా బాగా చెబుతారు. ట్రెజరీ స్టాక్ వారాన్ని సెమిస్టర్ అయ్యాక చేయండి. ధ్రువపత్రానికి గడువు ఉంటే ఆ ఒక్క క్విజు పెట్టేసి పక్కన పెట్టండి, అందులో మీకు ఎలాగూ తొంభై వస్తుంది.