స్పెయిన్ తీరంలో విదేశీయులు ఎవరైనా ఇల్లు కొనొచ్చా?

కొనొచ్చు. పౌరసత్వంతో పని లేదు. ఎన్ఐఈ అనే విదేశీయుల గుర్తింపు నంబరు తీసుకుని, నోటరీ ముందు సంతకం పెట్టాలి. అలికాంటే, మలగా తీరాల్లో ఎండ కోసం వచ్చి కొనేవాళ్లలో బ్రిటిష్ వాళ్లు ఎక్కువ.

చిక్కంతా కొన్నాకే. ఇల్లు ఉంది కదా అని ఏడాదంతా ఉండటం కుదరదు. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటిష్ వాళ్లకు కూడా వీసా లేకుండా 180 రోజుల్లో 90 రోజులే. చలికాలమంతా అక్కడే గడుపుదామనుకునే రిటైరైన దంపతులు క్యాలెండర్ ముందేసుకుని రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే. 5 లక్షల యూరోల ఆస్తి కొంటే నివాస అనుమతి ఇచ్చే గోల్డెన్ వీసాను కూడా 2025 ఏప్రిల్‌లో ఎత్తేశారు.

ఇంకో తమాషా, అద్దెకివ్వకుండా తాళం వేసి ఉంచినా పన్ను తప్పదు. సర్కారు లెక్కలోని విలువలో 1.1 లేదా 2 శాతాన్ని మీ ఆదాయంగా ఊహించుకుని, అందులో 24 శాతం వసూలు చేస్తారు. యూరోపియన్ యూనియన్‌లో ఉండేవాళ్లకైతే 19. లక్ష యూరోల విలువకు 2 శాతం లెక్కన ఏటా 480 యూరోలు. పెద్ద మొత్తమేం కాదు గానీ, బడ్జెట్‌లో రాసుకోవాలి.

ఇండియా నుంచి డబ్బు పంపేవాళ్లకు ఎల్ఆర్ఎస్ (మన లేఅవుట్లది కాదు, విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన పథకం) కింద మనిషికి ఏడాదికి 2.5 లక్షల డాలర్లే పరిమితి.