మూడో అంతస్తులో ఆగిపోయిన మనిషి

అమ్మాయీ,

జపాన్‌లోని హిమేజీ కోట మీద నువ్వు పంపిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "అత్తయ్య మూడో అంతస్తులో పెద్ద స్తంభం పక్కన, చెప్పుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది, మీరు వెళ్లి రండి అంది." తర్వాతి వాక్యంలోనే కోట ఎత్తు ఎన్ని మీటర్లో మొదలుపెట్టావు. నాకు కోపం వచ్చింది. ఆవిడని అక్కడే వదిలేసి, మళ్లీ ఆవిడ పేరే ఎత్తలేదు నువ్వు.

నడిచినవాళ్లు నడిచిన వరసలోనే రాయాలి. నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను. నువ్వేమో ఆరో అంతస్తులోని చిన్న గుడితో మొదలుపెట్టి, 1609కి వెళ్లి, 1993లో యునెస్కో గుర్తింపు దగ్గర తేలి, అప్పుడు రైలు దిగావు. ఆ కోట కట్టిందే మనిషిని వరస తప్పకుండా నడిపించడానికి. హిషి ద్వారం దాటగానే కోట నడిమి పెద్ద మేడ ఇదిగో అన్నట్టు కనిపిస్తుంది. కానీ దారి అటు పోదు. ఒక మలుపు తిప్పి మేడకి వీపు పెట్టిస్తుంది, ఇంకోచోట ఎక్కాల్సింది పోయి కిందికి దింపుతుంది. ద్వారాలకి ఇ, రో, హ, ని అని వాళ్ల పాత అక్షరాల వరసలో పేర్లు. గోడల్లో మూడు పలకలవీ నాలుగు పలకలవీ గుండ్రటివీ కన్నాలు, తుపాకులకీ బాణాలకీ. వచ్చే శత్రువు అలిసిపోవాలని ఆ కోట ప్రభువు ఇకెడా తెరుమాసా 1601 నుంచి ఎనిమిదేళ్లు కట్టించిన దారి అది. ఆ దారిలో పోరాడుతూ ఏ శత్రువూ ఎక్కిరాలేదు. నాలుగు వందల ఏళ్ల తర్వాత మీ అత్తయ్య వచ్చింది, మేజోళ్లతో, నున్నటి చెక్క మెట్ల మీద, కమ్మీ పట్టుకుని. నిచ్చెనంత నిటారుగా ఉన్న ఆ మెట్లు ఆవిడని ఆపాయి. ఇది నీ చేతిలో ఉండి కూడా నువ్వు రాయలేదు.

2012లో నేనూ వెళ్లాను. ఒసాకా నుంచి రైల్లో గంట, చేతిలో ఒక్క రోజు. స్టేషన్ బయటికి రాగానే తిన్నటి పెద్ద రోడ్డు, ఆ చివర కోట కనిపించాలి. లేదు. మరమ్మతుల కోసం మేడ మొత్తాన్నీ పెద్ద షెడ్డుతో కప్పేసి, దాని మీద కోట బొమ్మ గీశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత డబ్బు మళ్లీ పెట్టుకోలేనని తెలుసు. లిఫ్టులో పైకి తీసుకెళ్లారు. అద్దానికి అవతల, నా కళ్లకి సమానంగా కోట కప్పు. పనివాళ్లు పెంకుల అతుకుల మీద సున్నం మెత్తుతున్నారు. సున్నం, నార, ఉడికించిన సముద్రపు నాచు జిగురు, అంతే. ఒకాయన మెత్తిన చోటునే తాపీతో మళ్లీ మళ్లీ నున్నగా చేస్తున్నాడు. అరగంట అక్కడే నిలబడ్డాను. దూరం నుంచి ఆ కప్పు ఎందుకు అంత తెల్లగా కనిపిస్తుందో అప్పుడు అర్థమైంది.

తిరిగొచ్చి అదే రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ ఫోన్ చేసి, "కోట ఫొటో లేదా అమ్మా? సున్నం ఎవరు చదువుతారు?" అన్నాడు. ఆ వ్యాసం అచ్చు కాలేదు. ఆ నెలే ఆయన 'జపాన్‌లో తప్పక చూడాల్సిన పది' వేశాడు. ఇప్పటికీ ఆ పదే వస్తున్నాయి. నీ వ్యాసంలోనూ మూడో పేజీ నిండా అదే ధోరణి ఉంది, తీసెయ్.

ఇంకొకటి. కోటని హంస అన్నావు. అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు షిరాసాగి, అంటే తెల్ల కొంగ. కొంగ అంటే మనకి దొంగజపం గుర్తొస్తుందని మార్చావు కదా? కొంగ అనే రాయి. వరిమడిలో ఒంటికాలి మీద నిలబడే తెల్ల కొంగని చూసినవాళ్లకి ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది. అలాగే గోడలో ఇనుప వల వేసి ఉంచిన రాయిని 'చారిత్రక శిల' అన్నావు. అది తిరగలి రాయి. తెరుమాసాకి ముందు ఆ కోట ఏలిన హిదెయోషి, తన కాలంలో కోట కడుతూ రాళ్లు చాలక ఇబ్బంది పడుతున్నాడని విని, ఒక పేద ముసలమ్మ తన తిరగలి ఇచ్చేసిందని అక్కడ కథ చెప్పుకుంటారు. తిరగలి అన్న మాట నీకు అమ్మమ్మ ఇచ్చింది, వాడుకో. జపాన్ మాటలు ఎన్ని వాడొచ్చని అడిగావు. మనకి మాట లేనిచోట వాడు.

మీ అత్తయ్య పక్కన ఉన్న స్తంభం తూర్పుదో పడమటిదో కనుక్కో. ఆ రెండూ ఒక్కోటి దాదాపు 25 మీటర్లు, నేలమాళిగ నుంచి పై అంతస్తు దాకా మేడని మోస్తున్నాయి. పడమటిది 1956లో మొదలైన మరమ్మతుల్లో మార్చారు. తెస్తున్న మాను దారిలో విరిగిపోతే, రెండు చెట్ల మానులు అతికి నిలబెట్టారు. ఈ సంగతి నీకు ఆవిడ పక్కన కూర్చున్నప్పుడు పనికొస్తుంది, ఎత్తుల పట్టికలో కాదు.

మీరు పైకెళ్లి వచ్చేదాకా ఆవిడ ఎంతసేపు కూర్చుంది? మెట్లెక్కేవాళ్లు ఎవరైనా పలకరించారా? దిగేటప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుంది? ఇవాళే ఫోన్ చేసి అడుగు. అది రాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ లాంటి దాన్ని