క్యాన్సర్ నయమైన పెద్దవయసు స్త్రీలు ఇప్పుడు పొగ మానితే ఉపయోగం ఉంటుందా?

శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అవ్వలకు అంగిలి క్యాన్సర్ రావడం వైద్యులకు చాలాకాలంగా తెలిసిన విషయమే. అలాంటి 70 ఏళ్ల ఆవిడకు చికిత్స పూర్తయ్యాక "ఈ వయసులో మానడం ఎందుకు?" అని ఇంట్లోవాళ్లు అడుగుతుంటారు. మానాలి, అదీ వెంటనే.

గడ్డను కోసి తీసేసినా, ఏళ్ల తరబడి పొగ, వేడి తగిలిన నోటి పొర మొత్తం దెబ్బతినే ఉంటుంది కనుక, అంగిలి తెల్లబారి, దానిమీద ఎర్రటి చుక్కలు కనిపించే చోట మరో కొత్త క్యాన్సర్ మొదలయ్యే అవకాశం ఉంది. క్యాన్సర్ నుంచి బయటపడినవారిలో పొగతాగడం మరణాలను, రెండో క్యాన్సర్‌ను పెంచుతుందని 2014లో అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య అధిపతి) నివేదిక తేల్చి చెప్పింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌ను తగ్గించడం వల్ల పుండ్లు త్వరగా మానవు, రేడియేషన్ తీసుకున్న దవడ ఎముకకు ముప్పు పెరుగుతుంది. ముట్లుడిగాక ఎలాగూ బలహీనపడే ఎముకలను, గుండెను కూడా పొగ మరింత దెబ్బతీస్తుంది.

ఆవిడను తిట్టి మాన్పించడం సాధ్యం కాదు. చిన్ననాటి అలవాటును వదలడం నిజంగా కష్టం. పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేయించండి, పొగ మాన్పించడానికి ఇచ్చే నికోటిన్ మందుల గురించి ఆవిడ వైద్యుడినే అడగండి, నోటి పరీక్షలను మాత్రం ఒక్కటి కూడా తప్పించకండి.