‘అవుట్‌రేజియస్ ఫార్చ్యూన్’ ధారావాహిక కథాంశం ఏమిటి?

న్యూజిలాండ్‌లోని టీవీ3 ఛానల్‌లో 2005 నుంచి 2010 వరకు ఆరు సీజన్లుగా ప్రసారమైన ఈ హాస్యభరిత ధారావాహిక, పశ్చిమ ఆక్లండ్‌లో దొంగతనాలే బతుకుతెరువుగా గల వెస్ట్ కుటుంబం కథ. ఇంటి యజమాని వుల్ఫ్‌కు నాలుగేళ్ల జైలుశిక్ష పడటంతో, ఇకపై ఇంట్లో ఎవరూ నేరం జోలికి పోకూడదని అతని భార్య షెరిల్ నిశ్చయించుకుంటుంది. అయితే నిజాయితీగా సంపాదించడం అలవాటు లేని పిల్లలకూ, ఇనప్పెట్టెలు తెరవడంలో ఆరితేరిన మామగారు టెడ్‌కూ ఆ నిర్ణయం ఒక పట్టాన మింగుడుపడదు. హాస్యమూ, బాధా రెండూ ఆ పెనుగులాటలోంచే పుడతాయి. దారితప్పిన వాన్, న్యాయవాది జెత్రో అనే కవలల పాత్రలు రెండింటినీ ఆంటొనీ స్టార్ ఒక్కరే పోషించారు. అయినా, నా దృష్టిలో, దీనికి ప్రాణం షెరిల్‌గా రాబిన్ మాల్కమ్ నటనే. దీన్ని బ్రిటన్‌లో 2008లోనూ, అమెరికాలో 2010లోనూ పునర్నిర్మించారు కానీ, ఆ రెండూ ఒక్కో సీజన్‌తోనే ఆగిపోయాయి.